యెరికోలో మూడో పిలుపు

సమ్మెట మేస్త్రీ తన జన్మలో ఒక్క గోడ కట్టిన పాపాన పోలేదు. ఆయన పని కూల్చడం. నలభై రెండేళ్లుగా కూలుస్తూనే ఉన్నాడు. సినిమా హాలు కూల్చాడు, మూతబడ్డ ఆసుపత్రి కూల్చాడు, తను ఐదో తరగతి తప్పిన బడిని కూడా కూల్చాడు. ఆ బడిని మాత్రం కాస్త ఇష్టంగా కూల్చాడని ఆయన భార్య అంటుంది గానీ, ఆవిడ మాటలకేం! అలాంటి మనిషి దగ్గరికొచ్చి, "మేస్త్రీ గారూ, మీరే మాకో గోడ కట్టిపెట్టాలి" అని కొత్త పాస్టరు గారు అడిగితే నవ్వు రాక ఏమొస్తుంది చెప్పండి?

సండే స్కూలు పిల్లల నాటకం. యెరికో కథ. తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. యెహోషువ అనే నాయకుడి వెంట ఇశ్రాయేలు జనం యెరికో పట్నం చుట్టూ ఆరు రోజులు రోజుకొకసారి, ఏడో రోజు ఏడుసార్లు తిరుగుతారు. బూరలు ఊది ఒక్క కేక వేస్తారు. అంతే, పట్నం గోడ కుప్పకూలిపోతుంది. మొత్తం బైబిల్లో మేస్త్రీకి ప్రాణమైన కథ అదే, ఎందుకంటే తన పని ఉన్నది అక్కడే. "సమ్మెట లేదు, గునపం లేదు, ఒక్క కేక! పనితనమంటే అదీ!" అని ప్రసంగం మధ్యలో పక్కవాడి తొడ చరిచేవాడు. అందుకే గుడిలో ఆయన పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

"కట్టేదేముంది లెండి, చివరికి పడగొట్టేదేగా" అని ధైర్యం చెప్పుకుని ఒప్పేసుకున్నాడు.

ఈ మేస్త్రీకి ఒక పద్ధతుంది. అది చెప్పకపోతే కథ నడవదు. ఏ బిల్డింగైనా సరే, మొదటి దెబ్బ వెయ్యక ముందు మూడుసార్లు పిలుస్తాడు. మొదటిసారి గుమ్మంలో నిలబడి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అరుస్తాడు. రెండోసారి గది గదికీ తిరిగి అరుస్తాడు. మూడోసారి మిషన్లన్నీ ఆపించి, కూలీల నోళ్లు మూయించి, తనే లోపలికి వెళ్లి మూలమూలా వంగి చూస్తాడు. తాళం వేసిన బిల్డింగులో ఎవరుంటారయ్యా అని ఇంజనీర్లు తలలు బాదుకునేవాళ్లు. బాదుకోనీ. వెనకటికి ఒకసారి రెండు పిలుపులకీ ఎవరూ పలకలేదు. మూడోసారి వెళ్తే మెట్ల కింద చెవిటి వాచ్‌మన్ ఒకాయన గురకపెట్టి నిద్రపోతున్నాడు. ప్రాణం కాపాడినందుకు దండం పెట్టాడా అంటే లేదు, మంచి నిద్ర పాడుచేశావని తిట్లు లంకించుకున్నాడు. ఆ తిట్లు విన్న రోజు నుంచీ మేస్త్రీ మూడో పిలుపు మానలేదు. ఇంకోసారి పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందని తొమ్మిది రోజులు పని ఆపేశాడు. కాంట్రాక్టరు ఇప్పటికీ ఆ పిల్లిని తల్చుకుని పళ్లు కొరుకుతాడు.

ఇక మనవరాలి సంగతి. ఎనిమిదేళ్లు. తల్లీ తండ్రీ ఇద్దరూ పగటి డ్యూటీలు, అందుకని బడి వదిలాక ఈ పిల్ల మకాం తాత దగ్గరే. రాగానే బూట్లు కూడా విప్పకుండా తాత చేతిలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, రెండు ముక్కల ప్రార్థన చేసేది. తర్వాతే బూట్లు. రోజు మొత్తం మీద మేస్త్రీ ఎదురుచూసేది ఆ రెండు ముక్కల కోసమే. గోడలు కూల్చి కూల్చి మొద్దుబారిన చేతికి ఆ చిన్న చెయ్యి తగిలితే చాలు, ఆయనకి లోకం బాగానే ఉందనిపించేది.

నాటకంలో పెద్ద పిల్లలంతా బూరలు పట్టుకుని ఇశ్రాయేలు వైపుకి చేరిపోయారు. మిగిలిన పద్నాలుగు మంది బుడతలకి యెరికో జనం వేషాలు పడ్డాయి. గోడ పడగానే వాళ్లు స్టేజీ ముందుకి పరిగెత్తుకొచ్చి చచ్చిపోవాలి. మనవరాలికి మొదట భలే సంబరమేసింది. వంటింట్లో చచ్చిపోయింది. బాత్‌రూము గుమ్మంలో చచ్చిపోయింది. బట్టల బకెట్టు మోసుకొస్తున్న అమ్మమ్మ కాళ్లకి అడ్డంపడి చచ్చిపోయింది.

"ఇంకొక్కసారి నా ఇంట్లో చచ్చావంటే చంపేస్తాను!" అంది అమ్మమ్మ.

నాలుగో రోజు పిల్ల చావడం మానేసింది. బడి నుంచి వచ్చి, బూట్లతో నిలబడి, చెయ్యి చాపిన తాతకి చెయ్యి ఇవ్వలేదు.

"తాతా, నేనేం తప్పు చేశాను?"

"నువ్వా? ఏం చేశావే, మళ్లీ గ్లాసు పగలగొట్టావా?"

"ఇప్పుడు కాదు. యెరికోలో. నన్నెందుకు చంపుతున్నారు? నాకు తమ్ముడు కూడా ఉన్నాడంట. బొమ్మ ఇచ్చారు. వాడికింకా పళ్లు కూడా రాలేదు. వాడేం చేశాడు?"

మేస్త్రీ బైబిలు కోసం లేచాడు.

"గోడ పడేముందు లోపల ఎవరున్నారో ఎవరైనా పిలిచి చూశారా?" అంది పిల్ల. "నువ్వైతే పిలుస్తావు కదా!"

పుస్తకం తీశాడు. కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. నలభై ఏళ్లుగా గోడ పడేదాకా విని తొడ చరచడమే గానీ, ఆ తర్వాత ఏముందో మనసు పెట్టి విన్నదెప్పుడు? మగవాళ్లు, ఆడవాళ్లు, చిన్నా పెద్దా, చివరికి ఎద్దులూ గొర్రెలూ గాడిదలూ కూడా. అందరినీ నరికేశారు. అదీ దేవుడి పేరు చెప్పి. ఇన్నేళ్లూ తను మెచ్చుకున్న పనిలో ఒక్క పిలుపు కూడా లేదు.

"ఆ దేవుడంటే నాకు భయమేస్తోంది" అంది పిల్ల. "నేను ప్రార్థన చెయ్యను." బూట్లు విప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మేస్త్రీ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

"ఏమయ్యా, ఆ చెయ్యి అలా పెట్టుకుని ఎంతసేపు? ఏమైనా పెట్టాలా అందులో?" అంది భార్య. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ప్రార్థన చెయ్యలేదు, మేస్త్రీ సరిగ్గా నిద్రా పోలేదు.

మర్నాడే మనవరాలిని వెంటబెట్టుకుని సంఘపెద్ద దగ్గరికి వెళ్లాడు. సంఘపెద్ద రైల్వేలో టీసీగా చేసి రిటైరయ్యాడు. రైలు దిగినా ఉద్యోగం దిగలేదు. మనిషి కనిపిస్తే చాలు, టికెట్టు అడుగుతాడేమో అన్నట్టే చూస్తాడు. నాటకానికి విజిల్ ఊదే పని కూడా ఆయనదే. ఆ విజిల్‌ని మెడలోంచి తీసి ఎరగడు.

"ఇందులో తికమక ఏముందోయ్ మేస్త్రీ?" అన్నాడు టీసీ గారు. "వాళ్లు పాపాత్ములు. దేవుడు నాలుగు వందల ఏళ్లు గడువిచ్చాడు. దిగమన్నాడు, దిగలేదు. టికెట్టు లేని ప్రయాణం. పట్టుకున్నాడు. అంతే!"

మనవరాలు వెంటనే అందుకుంది. "ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్టే ఉండదు కదండీ?"

టీసీ గారు విజిల్‌ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"మరి గాడిదకో?" అంది పిల్ల.

"అది... లగేజీ కింద వస్తుంది" అన్నాడు. ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు. లోపల్నుంచి ఆయన భార్య పకపకా నవ్వింది. ఎందుకంటే గాడిద వేషం వాళ్ల మనవడిదే.

ఇక లాభం లేదని మేస్త్రీ ఒక్కడే పాస్టరు గారి దగ్గరికి వెళ్లాడు. కుర్రాడు, ఎప్పుడూ హడావిడే. బూరలకి రంగులేస్తూ చేతికీ ముక్కుకీ పసుపు రంగు పూసుకుని కూర్చున్నాడు. మేస్త్రీ ప్రశ్న విని కుంచె కింద పెట్టేశాడు.

"ఒక మాట చెప్తాను మేస్త్రీ గారూ. ఒక్కణ్ణి కూడా వదల్లేదని ఒకచోట రాసుంటుంది. కాస్త ముందుకెళ్తే ఆ జాతి జనమే అక్కడ ఇళ్లు కట్టుకుని, వీళ్లతో తగాదాలు పడుతూ కనిపిస్తారు. ఆ రోజుల్లో రాజులంతా గెలిచాక అలాగే రాయించుకునేవాళ్లు. ఊపిరి పీల్చేది ఏదీ మిగల్లేదని."

"ఓహో, మా కాంట్రాక్టరు లాగా!" అన్నాడు మేస్త్రీ, ఉత్సాహంగా. "నామరూపాల్లేకుండా నేలమట్టం చేశామని రాసిచ్చేస్తాడు. వెళ్లి చూస్తే పునాది అలాగే ఉంటుంది, వెనక మరుగుదొడ్డి కూడా ఉంటుంది." అని, మళ్లీ నీరుగారిపోయాడు. "సరే, కొంత గొప్పలే అనుకుందాం అయ్యగారూ. అయినా ఒక్క పిల్లాడైనా పోయుంటాడు కదండీ?"

పాస్టరు గారు కళ్లజోడు తీశారు. "పోయుంటాడు."

ఆ ఒక్క మాటకి మేస్త్రీకి ఆయన మీద గౌరవం పుట్టుకొచ్చింది.

"నేను బైబిలు కాలేజీలో మూడేళ్లు చదివి, ఈ పేజీ దగ్గరే ఆగిపోయాను" అన్నారు పాస్టరు గారు. "తెలిసింది చెప్తాను, తెలియనిది తెలియదంటాను. యెరికోలో రాహాబు అని ఒకావిడ ఉంది. శత్రువుల మనిషే, అయినా ఇశ్రాయేలు వేగులవాళ్లని తన ఇంట్లో దాచింది. కిటికీకి ఎర్రతాడు కట్టుకుంటే, ఆ ఇంట్లో ఉన్నవాళ్ల జోలికి రామని ఇశ్రాయేలు వాళ్లు మాటిచ్చారు. ఆవిడిల్లు ఎక్కడో తెలుసా? ఆ గోడ మీదే. ఆవిడెవరో తెలుసా? యేసుకి ముత్తవ్వల ముత్తవ్వ. ఇంకోటి. యెహోషువ, యేసు, రెండూ ఒకటే పేరు. ఆ పేరున్న మొదటాయన ఆ జనం మీదికి కత్తితో వెళ్లాడు. వందల ఏళ్ల తర్వాత ఆ జాతి మనిషే ఒకామె, నా కూతురికి బాగాలేదయ్యా అని రెండో ఆయన వెంటపడింది. పొమ్మన్నా పోలేదు. ఆయన ఆ పిల్లని బాగుచేసి పంపాడు. దేవుడెలా ఉంటాడంటే నేను ఆ రెండో ఆయన్నే చూస్తాను. ఆ ముఖానికి సరిపడనిది ఈ పుస్తకంలో కనిపిస్తే, పేజీ చింపను, కళ్లూ మూసుకోను. అక్కడే కూర్చుని అడుగుతూ ఉంటాను."

"ఎన్నాళ్లు?"

"ఇప్పటికి తొమ్మిదేళ్లయింది" అని ముక్కు తుడుచుకున్నారు. పసుపు రంగు చెవిదాకా పాకింది.

మేస్త్రీ ఇంటికొచ్చి మనవరాలికి ఉన్నదున్నట్టు చెప్పాడు. పిల్ల అన్నీ వింది. చెయ్యి మాత్రం ఇవ్వలేదు. కానీ రాహాబు దగ్గర చెవులు నిక్కబొడుచుకుంది. "ఆవిడింట్లో ఎవరున్నా వదిలేశారా? ఎంతమందైనా?" అని రెండుసార్లు అడిగింది. చచ్చే వేషం ససేమిరా వెయ్యనందని పాస్టరు గారు ఆ రాహాబు వేషం ఈ పిల్లకే ఇచ్చేశారు. ఇల్లంటే ఫ్రిజ్ అట్టపెట్టె, ఒక కిటికీ, ఎర్రతాడు.

"తాతా, ఇంకా పెద్ద పెట్టె కావాలి."

"ఒక్క మనిషికి అంత పెద్దదెందుకే?"

"నాకు చుట్టాలెక్కువ" అంది పిల్ల.

నాటకం రోజు రానే వచ్చింది. మేస్త్రీ గోడ చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. అట్టపెట్టెలతో సరిపెట్టమంటే, ఈ మహానుభావుడు పడిపోయే గోడైనా పరువుగా ఉండాలని వెనక దూలాల్లాంటి చెక్కలతో చట్రం బిగించాడు. నలుగురు మోస్తే గానీ లేవలేదు. లెక్క ఏంటంటే, చివరి కేక వినగానే పిల్లలంతా గోడ వెనక నుంచి ముందుకి పరిగెత్తుకొచ్చేస్తారు. రెండు ఫ్రిజ్ పెట్టెలు కలిపి అతికించిన రాహాబు పెట్టె ఎక్కడో ఓ పక్కన ఉంటుంది. టీసీ గారు విజిల్ ఊదుతాడు, మేస్త్రీ తాడు లాగుతాడు, గోడ వెనక్కి, ఖాళీ జాగాలోకి పడుతుంది. రిహార్సల్లో నాలుగుసార్లు చేశారు, అచ్చు గుద్దినట్టు వచ్చింది.

ఆరు రోజులు తిరిగారు. ఏడో రోజు ఏడు చుట్లు తిరిగారు, ఐదో చుట్టులో ఒకడి గడ్డం ఊడింది. బూరలు ఊదారు. కేక వేశారు. హాలు దద్దరిల్లింది.

గోడ వెనక నుంచి ఒక్క పిల్ల కూడా రాలేదు.

టీసీ గారు విజిల్ ఊదేశాడు. మేస్త్రీ తాడు పట్టుకుని కదల్లేదు.

"లాగవయ్యా!"

"పిల్లలు రాలేదండీ."

"మర్చిపోయుంటారు, పక్క గదిలో ఆడుకుంటుంటారు. జనం చూస్తున్నారు, లాగు!"

మేస్త్రీ గొంతు సవరించుకుని, హాలంతా వినబడేట్టు, "లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. జనం నవ్వారు. లోపల సద్దు లేదు. ఇశ్రాయేలు వాళ్లకి ఏం చెయ్యాలో తోచక ఇంకోసారి కేక వేశారు. టీసీ గారు మళ్లీ ఊదాడు. మేస్త్రీ గోడ దగ్గరికెళ్లి, చివరి నుంచి చివరికి తిరుగుతూ రెండోసారి పిలిచాడు. చీమ చిటుక్కుమన్నా ఒట్టు.

"చెప్పానా, ఎవరూ లేరని! లాగుతావా, నన్ను లాగమంటావా?" అని టీసీ గారు వచ్చి తాడు పుచ్చుకున్నాడు.

ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మేస్త్రీ, "ఆ తాడు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను" అన్నాడు. హాలు మొత్తం గప్‌చుప్. బూరలవాళ్లని నోళ్లు మూసుకోమని సైగ చేసి, మోకాళ్లు కీచుమంటుంటే వంగి, గోడ వెనక్కి దూరాడు. మూడో పిలుపు.

ఫ్రిజ్ పెట్టె ఉండాల్సిన చోట లేదు. సరిగ్గా గోడ కింద, చట్రం పడే చోట ఉంది. కిటికీకి ఎర్రతాడు వేలాడుతోంది. మేస్త్రీ మోకాళ్ల మీద పాకి మూత ఎత్తాడు. లోపల పద్నాలుగు మందీ ఒకరి మీద ఒకరు, ఊపిరి బిగబట్టుకుని, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఉన్నారు. పళ్లు రాని బొమ్మ తమ్ముడు ఉన్నాడు. అన్నిటికన్నా పైన గాడిద చెవులు. అడుగున, అందర్నీ మోస్తూ మనవరాలు.

"ఇక్కడేం చేస్తున్నావే తల్లీ?"

"గోడ మీదే ఉంది కదా ఆవిడిల్లు. అందుకే జరిపాం" అంది పిల్ల, గుసగుసగా. "ఎవరొస్తే వాళ్లని రానిచ్చాను. రానివ్వొద్దని ఎక్కడా లేదు. వీడు గాడిద, వీణ్ణీ రానిచ్చాను."

"పిలిస్తే పలకొద్దూ!"

"తాత రెండుసార్లు పిలిచి ఊరుకోడు, మూడోసారి లోపలికే వస్తాడని వీళ్లకి చెప్పాను. వీళ్లు నమ్మలేదు. నిజంగా వస్తావో లేదో వీళ్లే చూస్తారని పలకలేదు."

ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి బయటికి తీశాడు. పద్నాలుగు మందీ వరసగా స్టేజీ ముందుకి నడిచొస్తుంటే, ఇదంతా నాటకంలోదే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. లెక్క రెండుసార్లు చూసుకుని, అప్పుడు మేస్త్రీ తాడు లాగాడు. గోడ పెళపెళమని విరుచుకుపడింది. దుమ్ము తగ్గాక చూస్తే ఫ్రిజ్ పెట్టె కాగితమంత పల్చగా నేలకి అతుక్కుపోయి ఉంది. ఎర్రతాడు కొస ఒక్కటి చట్రం కిందనుంచి బయటికి కనిపిస్తోంది.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఎవరూ చావలేదేంటి? కథ ఇలా లేదే!" అని వెనక వరసలో ఎవరో అన్నారు. టీసీ గారు అటు తిరిగి, "నోర్ముయ్" అన్నాడు. తర్వాత వెళ్లి మనవడి ముందు కూర్చుండిపోయి, గాడిద చెవులు సర్దుతూ, వాటికి అంటని దుమ్ము చాలాసేపు దులిపాడు. మెడలోంచి విజిల్ తీసి జేబులో పెట్టుకోవడం ఆ రోజే అందరూ చూశారు. టికెట్ల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

జనం వెళ్లిపోయాక హాల్లో ముగ్గురు మిగిలారు. పాస్టరు గారు అటు పక్క కుర్చీలు మడుస్తున్నారు. మేస్త్రీ పడిపోయిన గోడ మీదే కూలబడ్డాడు, లేచే ఓపిక లేదు. మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, మరి అప్పుడు దేవుడు లోపలికొచ్చి చూశాడా?"

మేస్త్రీ తొందరపడలేదు. "అప్పటి సంగతి నాకు తెలీదమ్మా. తెలిసినట్టు నీకు అబద్ధం చెప్పను. పైకి వెళ్లాక మొట్టమొదట అదే అడుగుతాను, చెప్పేదాకా వదలను. కానీ తర్వాత మాత్రం వచ్చాడు. ఎవర్నో పంపలేదు, యేసుగా తనే వచ్చాడు. మనమున్న పెట్టెలోకే దూరాడు. గోడ తన మీదే పడనిచ్చాడు."

పిల్ల చదునైపోయిన పెట్టె వంక చూసింది. "చచ్చిపోయాడా?"

"చచ్చిపోయాడు. మూడో రోజు లేచొచ్చాడు."

పిల్ల చాలాసేపు ఎర్రతాడు కొసతో ఆడుకుంది. తర్వాత, బూట్లతోనే, తాత చేతిలో చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. మేస్త్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి, దుమ్ము పడిందనుకోవడానికి వీలుగా చుట్టూ కావలసినంత దుమ్ముంది.

"ప్రభువా" అంది పిల్ల, "మా తాత నిన్నొకటి అడగడానికి వస్తాడు. ఇప్పుడే కాదు, చాలా ఏళ్ల తర్వాత. నువ్వు జవాబు సిద్ధంగా పెట్టుకో. ఆయన మూడుసార్లు అడుగుతాడు."

కుర్చీలు మడవడం ఆపి, "నా పేరు కూడా చేర్చమ్మా" అన్నారు పాస్టరు గారు, అటునుంచే.

"పాస్టరు గారు కూడా వస్తారంట" అంది పిల్ల, కళ్లు తెరవకుండానే. "ఆమెన్."